బ్రౌజర్‌కి హద్దు గీద్దాం: లినక్స్ డెస్క్‌టాప్‌లో మెమరీ అదుపు

అందరికీ నమస్కారం.

లినక్స్ డెస్క్‌టాప్ వాడే వాళ్లని ఎవరినడిగినా ఒక ఫిర్యాదు తప్పకుండా వినిపిస్తుంది. బ్రౌజర్‌లో ట్యాబ్‌లు పెరుగుతూ పోతాయి. కాసేపటికి మౌస్ ఆగి ఆగి కదులుతుంది, ఆ తర్వాత అసలు కదలదు. డిస్క్ లైటు మాత్రం ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. పక్క విండోలో సేవ్ చేయని ఫైల్ ఒకటి ఉంటుంది. పది నిమిషాలు చూసి, ఇక లాభం లేదని పవర్ బటన్ నొక్కి పట్టుకుంటారు.

బ్రౌజర్ మెమరీ తింటుందని నాకు పెద్ద బాధేమీ లేదు. ఇవాళ్టి వెబ్‌సైట్లు అలాగే ఉన్నాయి. నన్ను బాధించేది, బ్రౌజర్ చేసిన పనికి ఎడిటర్, టెర్మినల్, మొత్తం సెషన్ కలిసి బలైపోవడం. అందుకే ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదీ: మెమరీ చాలనప్పుడు ఎవరు తగ్గాలన్నది మనమే ముందుగా తేల్చి, ఆ మాట కెర్నల్‌కి, అంటే మెమరీని అందరికీ పంచే లినక్స్ మూలభాగానికి, చెప్పి ఉంచాలి. దానికి కావలసిన సరంజామా మీ సిస్టమ్‌లో ఇప్పటికే ఉంది. కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు.

ముందు ఆ హ్యాంగ్ ఎందుకు వస్తుందో చూద్దాం. ఇది అర్థం కాకపోతే మిగతాదంతా గుడ్డిగా కమాండ్లు కొట్టడమే అవుతుంది.

ర్యామ్ నిండుతున్నప్పుడు కెర్నల్ రెండు రకాల మెమరీ వైపు చూస్తుంది. మొదటిది ప్రోగ్రామ్‌లు నడుస్తూ తయారు చేసుకున్న డేటా. దాని కాపీ ఇంకెక్కడా లేదు కాబట్టి, తీయాలంటే స్వాప్‌లో, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ భాగంలో, రాయాలి. రెండోది డిస్క్ మీద ఉన్న ఫైళ్ల కాపీ. దీన్ని ఊరికే వదిలేయొచ్చు, కావాలంటే మళ్లీ డిస్క్ నుంచి చదువుకోవచ్చు. చిక్కు ఎక్కడంటే, నడుస్తున్న ప్రోగ్రామ్‌ల కోడ్ కూడా ఈ రెండో రకంలోకే వస్తుంది. స్వాప్ లేని మెషీన్‌లో ర్యామ్ నిండితే కెర్నల్ చేతికి దొరికేది ఈ కోడే. దాన్ని తీసేస్తుంది. మరుక్షణమే ఆ ప్రోగ్రామ్‌కి అదే కోడ్ కావాలి, మళ్లీ డిస్క్ నుంచి చదువుతుంది. చదివింది పెట్టడానికి ఇంకో ప్రోగ్రామ్ కోడ్‌ని తీసేస్తుంది. ఇలా తిరుగుతూనే ఉంటుంది. కెర్నల్ దృష్టిలో మాత్రం ఎంతో కొంత మెమరీ దొరుకుతూనే ఉంది, కాబట్టి ఓఓఎమ్ కిల్లర్‌ని, అంటే మెమరీ పూర్తిగా అయిపోతే ఏదో ఒక ప్రోగ్రామ్‌ని చంపే కెర్నల్ భాగాన్ని, పిలవాల్సిన అవసరం కనిపించదు. 2019 ఆగస్టులో కెర్నల్ డెవలపర్ల మధ్య దీని మీద పెద్ద చర్చే జరిగింది. ర్యామ్‌ని 4 జీబీకి పరిమితం చేసి, స్వాప్ ఆపేసి, బ్రౌజర్‌లో వరసగా ట్యాబ్‌లు తెరుస్తూ పోతే ఎవరి మెషీన్ అయినా ఇలా బిగుసుకుపోతుందని అక్కడ చూపించారు.

అంటే ఓఓఎమ్ కిల్లర్ వస్తుందిలే అని కూర్చుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అది వచ్చేసరికి మీరు రీస్టార్ట్ చేసేసి ఉంటారు.

సరే, ఇప్పుడు కొలత సంగతి. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

టాప్ కమాండ్‌లో విర్ట్ అనే కాలమ్ ఉంటుంది. బ్రౌజర్ పక్కన అక్కడ వందల జీబీలు, కొన్నిసార్లు టెరాబైటు దాటిన అంకె కూడా కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారు పడొద్దు. అది కేవలం అడ్రస్ స్పేస్, అంటే ప్రోగ్రామ్ తన పేరిట రాసుకున్న అడ్రస్‌ల మొత్తం. జావాస్క్రిప్ట్ ఇంజిన్ భద్రత కోసం పెద్ద పెద్ద అడ్రస్ ప్రాంతాలను ముందే తన పేరిట రిజర్వ్ చేసుకుంటుంది. ఆ అడ్రస్‌ల వెనక ర్యామ్ ఉండదు. రెస్ అనే కాలమ్ నిజమైన ర్యామ్‌ని చూపిస్తుంది, కానీ పది ప్రాసెస్‌లు పంచుకుంటున్న లైబ్రరీని పది సార్లు లెక్కేస్తుంది. ఒకే బావి నీళ్లు తోడుకునే పది ఇళ్లకి తలా ఒక బావి ఉందని రాసుకున్నట్టు. బ్రౌజర్ ప్రాసెస్‌ల రెస్ అంకెలన్నీ కూడి "నా బ్రౌజర్ 9 జీబీ తింటోంది" అంటే ఆ లెక్క తప్పు.

పంచుకున్న దాన్ని అందరికీ భాగాలు వేసి చూపించే అంకె ఒకటుంది, పీఎస్‌ఎస్ అంటారు. ప్రాక్ డైరెక్టరీలో ప్రతి ప్రాసెస్ కిందా ఎస్‌మ్యాప్స్-రోలప్ అనే ఫైల్‌లో దొరుకుతుంది. లేదా ఎస్‌మెమ్ అనే చిన్న టూల్ వాడితే అదే కూడి చూపిస్తుంది. మొత్తం సిస్టమ్‌లో ఎంత మిగిలిందో తెలియాలంటే ఫ్రీ కమాండ్ కొట్టి, ఫ్రీ అనే కాలమ్‌ని వదిలేసి, అవైలబుల్ అనే కాలమ్‌ని చూడండి. 2014లో వచ్చిన 3.14 కెర్నల్ నుంచి ఈ అంచనా కెర్నలే ఇస్తోంది. ఫైల్ కాపీలను వదిలేస్తే దొరికే మెమరీ కూడా ఇందులో కలిసి ఉంటుంది.

బ్రౌజర్ లోపల ఎవరు ఎంత తింటున్నారో తెలియాలంటే ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లో అబౌట్ కోలన్ ప్రాసెసెస్ అని కొట్టండి. క్రోమ్, క్రోమియమ్‌లలో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఇది ఒక్కసారి చూస్తే చాలు, చాలా సందేహాలు అక్కడే తీరిపోతాయి. సాధారణంగా అన్ని ట్యాబ్‌లూ సమానంగా తినవు. రోజుల తరబడి మూయకుండా ఉంచిన మెయిల్ ట్యాబో, చాట్ ట్యాబో, ఆగకుండా కదిలే డాష్‌బోర్డో పైన ఉంటుంది. దాన్ని ఒక్కదాన్ని రీలోడ్ చేస్తే కొన్ని వందల ఎంబీలు వెనక్కి రావచ్చు.

ఎందుకింత తింటుందనే దానికి ఒక చిన్న లెక్క చెబుతాను. వెబ్ పేజీలో 4000 అడ్డం, 3000 నిలువు పిక్సెల్‌ల ఫోటో ఉందనుకోండి. డౌన్‌లోడ్ అయినప్పుడు అది 3 ఎంబీ ఉండొచ్చు. తెర మీద చూపించాలంటే దాన్ని విప్పాలి. 1 కోటి 20 లక్షల పిక్సెల్‌లు, ఒక్కో దానికి 4 బైట్లు, వెరసి 48 ఎంబీ. ఒక్క ఫోటోకి! అలాంటివి వరసగా వస్తూ ఉండే పేజీని కిందికి లాగుతూ పోతే ఏమవుతుందో మీరే ఊహించండి. బ్రౌజర్‌లు తెర మీద లేని ఫోటోలను మెమరీలోంచి తీసేయడానికి బాగానే కష్టపడతాయి. అయినా జావాస్క్రిప్ట్ డేటా, పేజీ నిర్మాణం, గ్రాఫిక్స్ బఫర్లు అన్నీ దాని మీద పడతాయి.

ఇంకో కారణం భద్రత. 2018 జనవరిలో స్పెక్టర్ లోపం బయటపడ్డాక, ఒక వెబ్‌సైట్ డేటా ఇంకో వెబ్‌సైట్ ఉన్న ప్రాసెస్‌లో ఉండడమే ప్రమాదమని తేలింది. అదే ఏడాది క్రోమ్ 67తో ఒక్కో సైట్‌కి ఒక్కో ప్రాసెస్ అనే పద్ధతి డెస్క్‌టాప్‌లో అందరికీ వచ్చింది. దీనివల్ల మెమరీ వాడకం 10 నుంచి 13 శాతం పెరుగుతుందని గూగుల్ అప్పుడే చెప్పింది. ఫైర్‌ఫాక్స్ కూడా 2021లో ఇదే దారి పట్టింది. కొందరు మెమరీ ఆదా అవుతుందని ఈ విడదీతను ఆపేయమని సలహా ఇస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. బ్యాంకు లాగిన్ చేసే బ్రౌజర్‌లో పది శాతం మెమరీ కోసం ఆ గోడ కూల్చడం ఏ లెక్కన చూసినా నష్టమే.

ఇక హద్దు పెట్టే పనిలోకి వద్దాం. చాలామందికి మొదట తట్టేది యూలిమిట్. షెల్‌లో యూలిమిట్ హైఫన్ వీ అని కొట్టి, ఒక అంకె ఇచ్చి, బ్రౌజర్ తెరుస్తారు. బ్రౌజర్ అసలు లేవదు, లేదంటే ట్యాబ్ తెరవగానే క్రాష్ అవుతుంది. కారణం ఇందాక చెప్పిందే. యూలిమిట్ వీ కొలిచేది అడ్రస్ స్పేస్‌ని, ర్యామ్‌ని కాదు. పైగా ఆ హద్దు ఒక్కో ప్రాసెస్‌కి విడివిడిగా వర్తిస్తుంది. ముప్పై ప్రాసెస్‌ల బ్రౌజర్‌కి తలా 2 జీబీ అంటే ఎవరికీ హద్దు లేనట్టే. నిజమైన ర్యామ్‌కి హద్దు పెడతానని చెప్పే యూలిమిట్ హైఫన్ ఎమ్ కూడా ఉంది, కానీ ఇప్పటి లినక్స్ కెర్నల్ దాన్ని అసలు పట్టించుకోదు.

మనకి కావలసింది కంట్రోల్ గ్రూప్, పొట్టిగా సీగ్రూప్. కొన్ని ప్రాసెస్‌లను ఒక గుంపుగా చేసి, గుంపు మొత్తానికి కలిపి లెక్క కట్టే ఏర్పాటు ఇది. గూగుల్ ఇంజినీర్లు 2006లో మొదలుపెట్టిన ఈ పని 2008లో 2.6.24 కెర్నల్‌లో చేరింది. దాన్ని మళ్లీ శుభ్రంగా రాసిన రెండో వెర్షన్‌ని 2016లో 4.5 కెర్నల్‌తో స్థిరమైనదిగా ప్రకటించారు. ఫెడోరా 31, డెబియన్ 11, ఉబుంటు 21.10 నుంచి ఈ రెండో వెర్షనే డిఫాల్ట్. మామూలు యూజర్ కూడా, రూట్ పాస్‌వర్డ్ లేకుండా, తన ప్రోగ్రామ్‌లకు మెమరీ హద్దు పెట్టుకోవచ్చు. సిస్టమ్‌ని మొదలుపెట్టి సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ఆ అధికారాన్ని మీ సెషన్‌కి ముందే అప్పగించి ఉంచుతుంది.

ఇప్పుడు తెర మీద ఉన్న కమాండ్‌ని చదువుతాను. సిస్టమ్‌డీ-రన్, తర్వాత హైఫన్ హైఫన్ యూజర్, హైఫన్ హైఫన్ స్కోప్, తర్వాత హైఫన్ పీ అని పెట్టి మెమరీహై ఈక్వల్‌టు 3జీ, మళ్లీ హైఫన్ పీ, మెమరీమ్యాక్స్ ఈక్వల్‌టు 4జీ, మళ్లీ హైఫన్ పీ, మెమరీస్వాప్‌మ్యాక్స్ ఈక్వల్‌టు 1జీ, చివర ఫైర్‌ఫాక్స్. ఇంతే. ఈ ఒక్క లైన్‌తో బ్రౌజర్, దాని పిల్ల ప్రాసెస్‌లు అన్నీ ఒక గుంపులో పడతాయి. ఆ గుంపునే సిస్టమ్‌డీ స్కోప్ అంటుంది.

ఈ మూడు అంకెలకీ మూడు రకాల ప్రవర్తన. మెమరీహై దాటితే ఎవరినీ చంపరు. గుంపులోని ప్రాసెస్ కొత్త మెమరీ అడిగిన ప్రతిసారీ, ముందు నీ గుంపులోంచే కొంత ఖాళీ చెయ్ అని కెర్నల్ దానిచేతే పని చేయిస్తుంది, కాసేపు నిద్రపుచ్చుతుంది. బ్రౌజర్ నెమ్మదిస్తుంది, మీ ఎడిటర్ మాత్రం హాయిగా నడుస్తుంది. మెమరీమ్యాక్స్ గట్టి హద్దు. అక్కడికి చేరి, ఇక ఖాళీ చేయడానికి ఏమీ లేకపోతే ఓఓఎమ్ కిల్లర్ వస్తుంది, కానీ ఆ గుంపు లోపలే వెతుకుతుంది. సిస్టమ్‌లో ఇంకెవరి జోలికీ పోదు. బ్రౌజర్‌లు తమ ట్యాబ్ ప్రాసెస్‌లకు ఓఓఎమ్ స్కోరు, అంటే ముందు ఎవరిని చంపాలో చెప్పే అంకె, పెంచి ఉంచుతాయి కాబట్టి, మామూలుగా పోయేది బాగా బరువైన ట్యాబే. ట్యాబ్ క్రాష్ అయిందనే సందేశం వస్తుంది, రీలోడ్ నొక్కుకుంటారు. మూడోది, స్వాప్‌లో ఎంతవరకు పోవచ్చో చెప్పేది. ఇది పెట్టకపోతే బ్రౌజర్ మీ స్వాప్ మొత్తాన్ని ఆక్రమించగలదు.

ఒక జాగ్రత్త. మీ మెషీన్‌లో స్వాప్ లేకపోతే మెమరీహై ఒక్కదాన్నే తక్కువగా పెట్టకండి. ఖాళీ చేయడానికి దారి లేదు, చంపడానికి అనుమతి లేదు. బ్రౌజర్ అలా ఈడుస్తూనే ఉంటుంది. స్వాప్ లేని చోట హై, మ్యాక్స్ రెండూ దగ్గర దగ్గరగా పెట్టాలి, లేదా మ్యాక్స్ ఒక్కటే పెట్టాలి.

ఇప్పుడు, ఈ కమాండ్ కొట్టినా పని చేయలేదని అనేవాళ్ల సంగతి. నేను చూసినంతలో కారణాలు దాదాపుగా ఇవే ఉంటాయి.

బ్రౌజర్ అప్పటికే తెరిచి ఉండడం అన్నిటికంటే మామూలు కారణం. కొత్తగా పిలిచిన ఫైర్‌ఫాక్స్ పాతదానికి "ఇంకో విండో తెరువు" అని కబురు పంపి తాను వెళ్లిపోతుంది. హద్దు ఖాళీ గుంపుకి పడుతుంది, పాత బ్రౌజర్ యథేచ్ఛగా తిరుగుతుంది. ముందు పూర్తిగా మూసి, అప్పుడు తెరవాలి.

బ్రౌజర్‌ని స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ అనే విడి ప్యాకేజీల రూపంలో ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఇంకో ఇబ్బంది. అవి మొదలయ్యేటప్పుడు తమకంటూ వేరే స్కోప్ తయారు చేసుకుని అందులోకి మారిపోతాయి. మీరు కట్టిన గుంపులోంచి జారుకున్నట్టే. ఏ గుంపులో ఉందో తెలుసుకోవాలంటే సిస్టమ్‌డీ-సీజీఎల్ఎస్ కొట్టి చూడండి, చెట్టులాగా కనిపిస్తుంది. అక్కడ దొరికిన స్కోప్ పేరు పట్టుకుని, సిస్టమ్‌సీటీఎల్ హైఫన్ హైఫన్ యూజర్ సెట్-ప్రాపర్టీ అని కొట్టి, ఆ పేరు, తర్వాత మెమరీమ్యాక్స్ ఇచ్చారంటే నడుస్తున్న బ్రౌజర్‌కే అప్పటికప్పుడు హద్దు పడుతుంది. గ్నోమ్, కేడీఈ డెస్క్‌టాప్‌లు ఇప్పుడు ప్రతి అప్లికేషన్‌నీ ఎటూ సొంత సీగ్రూప్‌లోనే నడుపుతున్నాయి కాబట్టి ఈ పద్ధతి మామూలుగా తెరిచిన బ్రౌజర్‌కీ పనికొస్తుంది.

ఇక మూడో కారణం, తెలియకపోతే బాగా విసిగించేది. హద్దు దగ్గర ఒక ట్యాబ్ పోతే బ్రౌజర్ మొత్తం మాయమవుతోందని కొందరు అంటారు. 2023లో వచ్చిన సిస్టమ్‌డీ 253 నుంచి స్కోప్‌లకు కూడా ఓఓఎమ్‌పాలసీ అనే సెట్టింగ్ వర్తిస్తోంది. మామూలుగా అది స్టాప్‌లో ఉంటుంది. అంటే గుంపులో ఒక్క ప్రాసెస్‌ని కెర్నల్ చంపినా, సిస్టమ్‌డీ మిగతా అన్నిటినీ ఆపేస్తుంది. ఒక సర్వర్ ప్రోగ్రామ్‌కి అది మంచిదే కావచ్చు, బ్రౌజర్‌కి కాదు. అందుకే ఇందాకటి కమాండ్‌లో ఇంకొక హైఫన్ పీ చేర్చి, ఓఓఎమ్‌పాలసీ ఈక్వల్‌టు కంటిన్యూ అని పెట్టండి. అప్పుడు ట్యాబ్ ఒక్కటే పోతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుని వెళ్లినా మీరు ఇక్కడికి వచ్చినందుకు నాకు సంతోషం.

రోజూ ఇంత పొడుగు కమాండ్ కొట్టక్కర్లేదు. బ్రౌజర్ డెస్క్‌టాప్ ఫైల్‌ని యూఎస్ఆర్ షేర్ అప్లికేషన్స్ నుంచి మీ హోమ్‌లోని డాట్ లోకల్, షేర్, అప్లికేషన్స్‌లోకి కాపీ చేసి, అందులో ఎగ్జెక్ అని మొదలయ్యే లైన్‌లలో ముందు ఈ కమాండ్ చేర్చండి. ఆ ఫైల్‌లో కొత్త విండోకి, ప్రైవేట్ విండోకి వేరే ఎగ్జెక్ లైన్‌లు ఉంటాయి, వాటిని వదిలేయకండి. రెండు మూడు బ్రౌజర్‌లు వాడేవాళ్లు, కొన్ని స్కోప్‌లను కలిపే పెద్ద గుంపు కోసం బ్రౌజర్ డాట్ స్లైస్ అనే చిన్న ఫైల్ ఒకటి డాట్ కాన్ఫిగ్, సిస్టమ్‌డీ, యూజర్ కింద పెట్టి, అంకెలన్నీ అందులో రాసి, సిస్టమ్‌సీటీఎల్ హైఫన్ హైఫన్ యూజర్ డీమన్-రీలోడ్ కొట్టి, కమాండ్‌లో హైఫన్ హైఫన్ స్లైస్ ఈక్వల్‌టు అని ఆ పేరు ఇస్తే సరి. అన్ని బ్రౌజర్‌లూ కలిసి ఒకే హద్దులో సర్దుకుంటాయి. ఓఓఎమ్‌పాలసీ మాత్రం స్కోప్ దగ్గరే, అంటే కమాండ్‌లోనే ఉండాలి.

బ్రౌజర్ లోపలి సెట్టింగ్‌ల గురించి నేను ఎక్కువ చెప్పను. క్రోమ్‌లో మెమరీ సేవర్ ఉంది, ఆన్ చేసుకోండి. ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్ కోలన్ అన్‌లోడ్స్ పేజీకి వెళ్తే వాడని ట్యాబ్‌లను మెమరీలోంచి దించేయొచ్చు, ట్యాబ్ అలాగే ఉంటుంది, నొక్కితే మళ్లీ లోడ్ అవుతుంది. ఫైర్‌ఫాక్స్ తనంతట తాను ట్యాబ్‌లు దించేది సిస్టమ్ మొత్తంలో ఎంత మెమరీ మిగిలిందో చూసి. మీరు గీసిన సీగ్రూప్ హద్దు దాని కంట పడదు. కాబట్టి హద్దు పెట్టుకున్నవాళ్లు దించే పని అప్పుడప్పుడు తామే చేయాలి. కంటెంట్ ప్రాసెస్‌ల సంఖ్య తగ్గించమనే పాత సలహా ఇంకా చలామణీలో ఉంది. సైట్‌కో ప్రాసెస్ వచ్చాక దాని ప్రభావం చాలా తగ్గిపోయింది, దాని జోలికి పోనక్కర్లేదు. యాడ్ బ్లాకర్ మాత్రం నిజంగా పనికొస్తుంది. ప్రకటనల ఫ్రేమ్‌లు లోడ్ కాకపోతే వాటి ప్రాసెస్‌లు కూడా పుట్టవు.

ఇక మిగిలింది జీర్యామ్. ర్యామ్‌లోనే ఒక భాగాన్ని కుదించిన స్వాప్‌గా వాడే ఏర్పాటు. ఫెడోరా 33 నుంచి ఇది డిఫాల్ట్‌గా వస్తోంది, మిగతా చోట్ల ప్యాకేజ్ రూపంలో దొరుకుతుంది. బ్రౌజర్ డేటా బాగా కుదించుకుపోయే రకం, అందుకని మెమరీహైకి ఇది మంచి తోడు. తక్కువ ర్యామ్ ఉన్నవాళ్లు ముందు దీన్ని పెట్టుకుని, ఆ తర్వాతే హద్దు గురించి ఆలోచించండి.

ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి.

మొదటి ప్రశ్న: "మా డిస్ట్రోలో సిస్టమ్‌డీ-ఓఓఎమ్‌డీ ఉంది కదండీ, ఇంకా ఇదంతా ఎందుకు?"

మంచి ప్రశ్న. ఓఓఎమ్‌డీ అంటే మెమరీ మరీ బిగుసుకుపోకముందే ప్రాసెస్‌లను ఆపే సిస్టమ్‌డీ భాగం. అది ప్రధానంగా చూసేది మెమరీ కోసం ప్రాసెస్‌లు ఎంతసేపు ఎదురుచూస్తున్నాయనే లెక్కని. 2018 డిసెంబరులో వచ్చిన 4.20 కెర్నల్ నుంచి ఆ లెక్క ప్రాక్ కింద ప్రెషర్ డైరెక్టరీలో దొరుకుతోంది. ఇది మంచి పద్ధతే, మెషీన్ బిగుసుకుపోకముందే రంగంలోకి దిగుతుంది. కానీ అది చంపేది సీగ్రూప్ మొత్తాన్ని. బ్రౌజర్ ఒక సీగ్రూప్‌లో ఉంటే ట్యాబ్ కాదు, బ్రౌజరే పోతుంది. రాస్తున్న ఫారం, సగంలో ఉన్న అప్‌లోడ్, అన్నీ పోతాయి. ముందే మనం హద్దు పెట్టుకుంటే పరిస్థితి చాలావరకు అక్కడిదాకా రాదు. ఎర్లీఓఓఎమ్ అనే ఇంకో చిన్న ప్రోగ్రామ్ ఉంది. అందుబాటులో ఉన్న మెమరీ, ఖాళీ స్వాప్ రెండూ 10 శాతం కంటే తగ్గితే అది ఎక్కువ స్కోరున్న ప్రాసెస్‌ని ఆపుతుంది. బ్రౌజర్ విషయంలో అది సాధారణంగా ఒక ట్యాబే. చిన్న మెషీన్‌లకు నేను దాన్నే ఇష్టపడతాను.

ఇంకో ప్రశ్న, వెనక నుంచి: "అంకె ఎంత పెట్టాలో ఎలా తేల్చుకోవాలి?"

మొదట హద్దు లేకుండా, కేవలం స్కోప్‌లో బ్రౌజర్‌ని తెరిచి మీ మామూలు పని చేసుకోండి. సీగ్రూప్ డైరెక్టరీలో ఆ స్కోప్ కింద మెమరీ డాట్ పీక్ అనే ఫైల్ ఉంటుంది, 5.19 కెర్నల్ నుంచి. గరిష్ఠంగా ఎంత వాడిందో అందులో ఉంటుంది. ఆ అంకెలో ఫైల్ కాపీలు కూడా కలిసి ఉంటాయి కాబట్టి ఎప్పుడూ కాస్త ఎక్కువే కనిపిస్తుంది. ఇక మెషీన్ మొత్తం ర్యామ్‌లోంచి డెస్క్‌టాప్‌కి, మీరు తప్పనిసరిగా నడిపే ప్రోగ్రామ్‌లకి కావలసింది తీసేయండి. మిగిలింది మీ మెమరీమ్యాక్స్. మీ పీక్ దానికంటే చాలా తక్కువైతే, పీక్‌కి కాస్త పైన పెట్టుకున్నా చాలు. 8 జీబీ మెషీన్‌లో ఎడిటర్, టెర్మినల్ లాంటివి మాత్రమే వాడేవాళ్లు మ్యాక్స్ 5, హై 4 దగ్గర మొదలుపెట్టొచ్చు. వర్చువల్ మెషీన్ నడిపేవాళ్లకి ఇది చాలా ఎక్కువ, 3 దగ్గరికి దించాల్సి వస్తుంది. తర్వాత అదే డైరెక్టరీలో మెమరీ డాట్ ఈవెంట్స్ అనే ఫైల్ చూడండి. హై అన్న లైన్‌లోని అంకె పెరుగుతూనే ఉండి, బ్రౌజర్ కూడా మందగిస్తే హద్దు మరీ బిగించారన్నమాట, అర జీబీ పెంచండి. ఓఓఎమ్-కిల్ అన్న లైన్ సున్నా దగ్గరే ఉండి, మెషీన్ ఎప్పుడూ ఆగకపోతే ఆ అంకెని ఇక కదపకండి.